కాగితం వెనక వైపు

జూన్ 3, మంగళవారం

లాయరమ్మ ఒక పుస్తకం పెట్టుకోమంది. తేదీ, టైము, చోటు, ఏం జరిగింది, ఎవరు చూశారు. అంతే రాయాలట. ఏడుపులూ తిట్లూ రాయకూడదట, జడ్జిగారికి చిరాకేస్తుందట. ఆ పుస్తకం నీలం అట్టది, బీరువాలో బట్టల కింద ఉంది. మరి నా తిట్లు ఎక్కడ పెట్టుకోవాలో ఆవిడ చెప్పలేదు. అందుకని ఈ ఎర్ర అట్టది కొన్నాను. దీన్ని ఏ జడ్జీ చదవడు.

శనివారం ఇల్లు మారాం, నేనూ నా ఏడేళ్ళ పిడుగూ. కింద రంగుల కొట్టు, పైన మా రెండు గదులు. కిటికీ తీస్తే పక్కింటి గోడ, మూస్తే రంగుల వాసన. ఇంతకుముందు ఉన్నవాళ్ళు గోడకి మేకులు కొట్టి కొట్టి జల్లెడ చేసి వెళ్ళారు. ఏం తగిలించుకున్నారో, వాళ్ళ గొప్పలేమో.

ఇంటావిడ మెట్లెక్కి వచ్చి, "మగదిక్కు లేదా అమ్మా?" అంది. "ఉండేవాడు, దిక్కులేకుండా చేద్దామని చూశాడు, వచ్చేశాను" అన్నాను. ఆవిడకి అర్థం కాలేదు. అర్థం కాకపోతే నవ్వే రకం.

మా మహానుభావుడు ఇప్పుడు మూడు వందల కిలోమీటర్ల దూరంలో ఉన్నాడు. అందరి ముందూ నోట్లో వేలు పెడితే కొరకలేడు. నా ఎడమ మణికట్టు మాత్రం తలుపు సందులో పెట్టి తలుపేశాడు. అది ఇప్పటికీ పూర్తిగా తిరగదు. రెండేళ్ళపాటు నా ఇంటికి, నేను పనిచేసే చోటికి, పిల్ల బడికి రాకూడదనీ, స్వయంగా గానీ వేరొకరి ద్వారా గానీ మాతో ఏ సంబంధమూ పెట్టుకోకూడదనీ కోర్టు ఆర్డరిచ్చింది. ఊరు మారితే ముప్పై రోజుల్లోగా కొత్త ఊరి కోర్టులో ఆ కాగితం చూపించి నమోదు చేయించుకోవాలి. లేకపోతే ఇక్కడి స్టేషన్‌వాళ్ళకి అది చిత్తుకాగితంతో సమానం. లాయరమ్మ ఈ మాట నాలుగుసార్లు చెప్పింది. నాకేదో మతిమరుపున్నట్టు.

ఆ కాగితాన్ని ఎంత భద్రంగా ఉంచానో ఆవిడకేం తెలుసు. ఊరు వదిలే ముందు నా చేత్తో నేనే లామినేషన్ చేశాను. పదకొండేళ్ళుగా జిరాక్సు షాపుల్లో అదే నా పని. ఒక్క బుడగ లేదు, అంచున ఒక్క ముడత లేదు. నీళ్ళలో పడేసినా, ఆయన చేతికి చిక్కినా చిరగదు.

గడియ ఒకసారి చూసుకున్నాను. భయం కాదు, అలవాటు.

జూన్ 5, గురువారం

కొత్త షాపు. ఓనరుకి అరవై దాటాయి. చచ్చేంత పిసినారి, ఒక్క ట్యూబులైటు కింద రెండు మెషీన్లు నడిపిస్తాడు. దానికన్నా పాడు అలవాటు ఇంకోటుంది. జిరాక్సుకి ఏ కాగితం ఇచ్చినా అద్దం మీద పెట్టే ముందు పైనుంచి కింద దాకా చదువుతాడు. ఊళ్ళో ఎవరి ఇల్లు ఎవరి పేరున ఉందో, ఎవరి కొడుకు ఏ పరీక్ష తప్పాడో అన్నీ ఆయనకి కంఠస్థం. ఎదురుగా మనిషి నిలబడి ఉండగానే, "ఓహో, మీ మామగారు పోయి మూడేళ్ళయిందా?" అంటాడు. సిగ్గులేదు.

నిన్న నా ఆర్డరు జిరాక్సు తీసుకుంటుంటే వెనక నుంచి మెడ చాచి చదివాడు. ఏమీ అనలేదు. అనకపోవడం ఇంకా చిరాకు.

జూన్ 9, సోమవారం

ఓనరు దగ్గర ఒక పూట సెలవు అడిగి వెళ్ళాను. ముందు స్టేషన్‌కి. రాసుకునే బల్ల దగ్గర కూర్చున్న ఆయన నేను మాట్లాడినంతసేపూ ఆవలించాడు. ఐదు ఆవలింతలు లెక్కపెట్టాను. చివరికి, "మా రికార్డులో లేదు కదమ్మా. కోర్టులో నమోదు చేయించుకుని రండి" అన్నాడు. ఈ మాట చెప్పడానికి ఐదు ఆవలింతలు కావాలా?

తర్వాత కోర్టు. మూడో నంబరు కిటికీ. లోపల గుమాస్తా, బల్ల మీద పన్నెండు ముద్రలు వరసగా పేర్చుకుని మారాజులా కూర్చున్నాడు. నా కాగితం తీసుకుని వంచి చూశాడు. వంగలేదు. గోటితో గోకాడు.

"ఇదేంటమ్మా?"

"లామినేషనండి."

"అది కనపడుతోంది. ఎందుకు చేశారంటున్నా."

"పాడవకుండా."

"పాడైపోయింది" అన్నాడు. నకలు మీద కోర్టువాళ్ళు నొక్కే ఉబ్బెత్తు ముద్ర వేలికి తగలాలట. మెషీను వేడికి అది చదునైపోయింది. పైగా నమోదు ముద్రా, నంబరూ కాగితం వెనక వైపు వెయ్యాలట, ప్లాస్టిక్ మీద ఇంకు నిలవదట. "కొత్త నకలు తెచ్చుకోండి. ఇది చెల్లదు. షాపువాళ్ళకైనా తెలియక్కర్లేదా, ఏ కాగితానికి చెయ్యాలో ఏ కాగితానికి చెయ్యకూడదో?"

"అవునండీ, షాపువాళ్ళకి బుద్ధి లేదు" అన్నాను.

ఇలాంటి వాళ్ళ వల్లే లోకం ఇలా తగలబడింది. ముద్ర వేలికి తగలాలట! నా మణికట్టు తగల్లేదా వీళ్ళకి?

జూన్ 10, మంగళవారం

గుమాస్తా మొహం గుర్తొస్తే అన్నం సహించలేదు.

జూన్ 12, గురువారం

లాయరమ్మకి ఫోన్ చేశాను. "లామినేషనా! ఎవరు చేశారు?" అంది. షాపులో చేశారన్నాను. అందులో అబద్ధమేముంది, షాపులోనే కదా చేసింది.

కొత్త నకలుకి పాత ఊళ్ళో ఆవిడ దరఖాస్తు పెడుతుంది. పోస్టులో పంపితే నెల పడుతుంది, ముప్పయ్యో తారీఖుతో గడువైపోతుంది. ఇంట్లోవాళ్ళెవరైనా నా ఉత్తరం చూపించి చేతికి తీసుకుంటే వారంలో పని అవుతుంది. ఇంట్లోవాళ్ళంటే నాకున్నది మా తమ్ముడొక్కడే.

మా తమ్ముడు నీళ్ళ మోటార్లు బాగుచేస్తాడు. మోటారు శబ్దం విని లోపలేం చెడిందో చెప్పేస్తాడు గానీ, మనిషి మాట విని లోపలేముందో చచ్చినా చెప్పలేడు. మహానుభావుడితో నా పెళ్ళయిన రోజు నుంచీ "బావ, బావ" అని వెనకాలే తిరిగాడు. నా చెయ్యి కట్టు కట్టుకుని ఉంటే, "బావకి కోపమెక్కువ గానీ మనసు మంచిదక్కా" అన్నాడు. ఆ మనసేదో తలుపు సందులో పెట్టి చూడాల్సింది.

అయినా వాడే దిక్కు. ఫోన్ చేశాను. "తెస్తానక్కా, అదెంత పని" అన్నాడు.

"ఆయనకి ఒక్క ముక్క కూడా చెప్పకు."

"నేనెందుకు చెప్తానక్కా!"

జూన్ 17, మంగళవారం

గడియ రెండుసార్లు చూశాను. కొత్త గడియ, సరిగ్గా పడదు. అంతే.

జూన్ 20, శుక్రవారం

తమ్ముడు పొద్దున బస్సు దిగి తిన్నగా షాపుకొచ్చాడు. నకలు తెచ్చాడు. రెండు పేజీలు, చివర ఉబ్బెత్తు ముద్ర. వేలితో తడిమాను. తగిలింది. వాణ్ణి నిజంగానే మెచ్చుకున్నాను, ఒక్క నిమిషం.

పిడుగుకి ఇవాళ బడి లేదు, షాపులోనే ఉంది. తమ్ముడు సంచిలోంచి అట్టపెట్టె తీశాడు. లోపల ఎర్ర బూట్లు. నడిస్తే మడమ దగ్గర లైటు వెలిగేవి. పిడుగు ఎగిరి గంతేసింది. దాని పాత చెప్పుల బొటనవేలు ఊడి వారమైంది, పిన్నీసు పెట్టి నడిపిస్తున్నాను.

ఎవరిచ్చారని నేనింకా అడగనే లేదు. "నేనే కొన్నానక్కా" అన్నాడు వాడు. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నట్టు.

"దీని కాలి సైజు నీకెలా తెలుసు?"

వాడు మెషీను వైపు చూశాడు. ఓనరు వైపు చూశాడు. "బావ మారాడక్కా. కోర్టు దగ్గర అనుకోకుండా కలిశాడు. ఏడ్చాడక్కా. పిల్లకి ఇవ్వమని బతిమాలాడు. ఊరి పేరు మాత్రం నేను చెప్పలేదు, ఒట్టు."

అనుకోకుండా కలిశాడట! మహానుభావుడు జీవితంలో అనుకోకుండా చేసిన పని ఒక్కటి కూడా లేదు.

తీసి మొహాన కొట్టాల్సింది. ఈలోపే పిడుగు బూట్లేసుకుని షాపు మెట్ల మీద దూకుతోంది. తమ్ముడు ఫోన్లో ఫోటో తీశాడు. "గుర్తుకోసం" అన్నాడు. అంతమంది కస్టమర్లు చూస్తుండగా పిల్ల కాళ్ళ నుంచి లాగెయ్యనా? బూట్లే కదా. బూట్లు బూట్లే. బాంబులు కావు.

నీలం పుస్తకంలో రాయలేదు. రాసేంత విషయం కాదు.

జూన్ 21, శనివారం

రేపు రాస్తాను.

జూన్ 23, సోమవారం

పిడుగు బూట్లేసుకుని బడికెళ్ళింది. వీధి చివరిదాకా లైట్లు కనిపించాయి.

లాయరమ్మ ఫోన్. నకలు అందిందా అంది, అందిందన్నాను. ఇంకేమైనా జరిగిందా అంది.

"ఏమీ లేదండి."

ఆవిడ, "చూడమ్మా, ఒక్కటి గుర్తుపెట్టుకో. ఆయన వైపు నుంచి చిన్నదేదైనా వస్తే, నువ్వు తీసుకుని ఊరుకుంటే, రేపు అదే పట్టుకుని ఆర్డరు కొట్టెయ్యమని అడుగుతాడు. ఆవిడే వద్దనుకోవడం లేదు కదా, నాకెందుకీ శిక్ష అంటాడు. నువ్వు వెంటనే చెప్తే అది ఆయన తప్పు. చెప్పకపోతే నీ ఒప్పుకోలు" అంది.

పాఠం చెప్పినట్టు చెప్తుంది ఈవిడ. ఆవిడ తన సొంత తమ్ముడి పేరు రాయాల్సొస్తే తెలుస్తుంది. రాస్తే వాడు సాక్షి కాదు, మధ్యవర్తి. స్టేషన్‌వాళ్ళు వాణ్ణి పిలుస్తారు. అమ్మ పోయాక నాకు మిగిలిన ఒక్క మనిషిని నా చేత్తో నేను కాగితానికెక్కించాలి.

వాడి బుర్ర తక్కువతనానికి నాకెందుకు శిక్ష పడాలి? లేక వాడికెందుకు పడాలి? తెలియదు.

జూన్ 25, బుధవారం

రేపు రాస్తాను.

జూన్ 27, శుక్రవారం

మళ్ళీ మూడో నంబరు కిటికీ. మళ్ళీ ముద్రల మారాజు. ఈసారి కాగితం వంచాడు, వంగింది. ముద్ర తడిమాడు. తల ఊపాడు. నాకేదో బహుమతి ఇచ్చినట్టు మొహం పెట్టాడు. కొత్త అడ్రసు మూసిన కవర్లో ఇచ్చాను. అవతలి పక్షానికి అది కనపడదని మూడుసార్లు అడిగి తెలుసుకున్నాను. మూడుసార్లూ విసుక్కోకుండా చెప్పాడు. అతనికీ ఒక మంచిరోజు ఉంటుంది కాబోలు.

తర్వాత ఒక ఫారం ఇచ్చాడు. పేరు, వయసు, ఉత్తర్వు నంబరు. ఏడో ప్రశ్న: ఉత్తర్వు తర్వాత ప్రతివాది స్వయంగా గానీ వేరొకరి ద్వారా గానీ మిమ్మల్ని సంప్రదించారా? అవును, కాదు. ఒకదాని మీద టిక్కు పెట్టి సంతకం చెయ్యాలి.

పెన్ను "కాదు" దగ్గర పెట్టాను. పక్కన పిడుగు ఉంది, ఇవాళ బడి మధ్యాహ్నం నుంచే కదా అని వెంట తెచ్చాను. బెంచీ మీద కూర్చుని కాళ్ళాడిస్తోంది. ఆడించినప్పుడల్లా లైట్లు వెలుగుతున్నాయి. ఒకసారి, రెండోసారి, మూడోసారి. ఆ లైట్లు చూస్తే నాకు ఆయన నవ్వు గుర్తొచ్చింది. తలుపు మూసి, నేను కిందపడ్డాక, "చూసుకుని నడవాలి కదా" అని నవ్విన నవ్వు. పిల్ల కాళ్ళకి ఆయన చెయ్యి తొడిగి నేనే వీధిలో నడిపిస్తున్నాను.

"అవును" మీద టిక్కు పెట్టాను.

"వివరం రాయండి" అన్నాడు గుమాస్తా. రాశాను. జూన్ ఇరవై. ఎర్ర బూట్లు. తెచ్చింది మా తమ్ముడు. తమ్ముడి పేరు రాసేటప్పుడు చెయ్యి ఆగింది, అయినా పూర్తిగా రాశాను, ఇంటిపేరుతో సహా.

గుమాస్తా చదివి మొదటిసారి నా మొహంలోకి చూశాడు. "ఆ బూట్లు ఎక్కడున్నాయి?"

చూపించాను.

పిడుగు ఏడ్చింది. కోర్టు వరండా అంతా వినపడేలా ఏడ్చింది. నేను వంగి రెండు బూట్లూ విప్పుతుంటే నన్ను తన్నింది కూడా. ఆ తన్నుకి నేను అర్హురాలినే. గుమాస్తా వాటిని ఒక సంచిలో వేసి, చీటీ అంటించి, దాని మీద కూడా ఒక ముద్ర వేశాడు. అతనికి ముద్ర వెయ్యకుండా ఊపిరాడదు. తర్వాత నా కాగితం బోర్లా తిప్పి, వెనక వైపు నమోదు ముద్ర వేసి, నంబరు రాసి, దాని కింద నీలం సిరాతో నాలుగు పంక్తులు రాశాడు. చదవడానికి వీలుగా గుండ్రంగా రాశాడు.

"నకలు ఒకటి సాయంత్రానికి స్టేషన్‌కి వెళ్తుంది. ఇది మీరు దగ్గర పెట్టుకోండి. లామినేషన్ మాత్రం చేయించకండి" అన్నాడు.

బడిదాకా పిడుగుని ఎత్తుకుని నడిచాను. వట్టి కాళ్ళు.

నీలం పుస్తకంలో రాశాను.

జూలై 1, మంగళవారం

స్టేషన్‌ నుంచి తమ్ముడికి ఫోన్ వెళ్ళిందట. వాడు నాకు చేశాడు.

"నన్ను దొంగని చేశావా అక్కా?"

"నువ్వు దొంగవి కాదు. దొంగకి సంచి మోశావు."

"రక్తసంబంధం అనేది ఏమీ లేదా నీకు?"

"ఉంది. అది ఆయనకి తెలుసు. అందుకే నీ చేతికిచ్చాడు."

వాడు ముక్కు ఎగపీల్చడం వినపడింది. చిన్నప్పుడు కూడా అంతే, దెబ్బ తగిలిన అరగంటకి ఏడుపొచ్చేది వాడికి. తర్వాత మెల్లిగా అన్నాడు: "అక్కా, ఆ ఫోటో కూడా పంపాను. బావ పిల్లని ఒక్కసారి చూస్తానన్నాడని."

"మెట్ల మీద తీసిందా?"

"అవును."

"వెనక షాపు బోర్డు పడిందా?"

"ఏ బోర్డు?"

ఫోన్ పెట్టేశాను.

జూలై 2, బుధవారం

బోర్డు మీద షాపు పేరుంది, వీధి పేరుంది, ఫోన్ నంబరుంది.

లాయరమ్మకీ, బడికీ, స్టేషన్‌కీ చెప్పాను. నీలం పుస్తకంలో రాశాను. ఓనరుకి చెప్పలేదు. పనిలో చేరి నెల కాలేదు, నా ఇంటి బాగోతం ఆయనకెందుకు? ఎలాగూ ఊరందరివీ చదువుతున్నాడు.

గడియ ఎన్నిసార్లు చూశానో లెక్కపెట్టలేదు. అలవాటు.

జూలై 8, మంగళవారం

ఇవాళ పదకొండింటికి నేను షాపు వెనక గదిలో ఉన్నాను. ఎవరిదో ఫోటో లామినేషన్ పెడుతున్నాను. ముందు గదిలో ఓనరు ఎప్పట్లాగే ఎవరి కాగితమో చదువుతున్నాడు. తర్వాత ఆయన గొంతు వినపడింది, పాఠం అప్పజెప్పినంత నెమ్మదిగా: "మెషీను వేడెక్కాలండి. రెండు నిమిషాలు కూర్చోండి."

మెషీను పొద్దున ఎనిమిదింటి నుంచి నడుస్తోంది.

ఆయన వెనక గదిలోకి వచ్చి, నా వైపు చూడకుండా, కాగితాల కట్టలు సర్దుతున్నట్టు వంగి అన్నాడు. "అమ్మాయ్, నువ్వు బయటికి రాకు. ఇదుగో ఈ తలుపు లోపల గడియ వేసుకో. నీ కాగితం తీసి చేతిలో పట్టుకో. నేను స్టేషన్‌కి ఫోన్ చేస్తున్నా."

"ఎవరండీ?"

"గుర్తింపు కార్డు జిరాక్సుకిచ్చాడు. పేరు చదివాను. నీ ఆర్డరులో రెండో పంక్తిలో ఉన్న పేరే."

కార్డుతోబాటు ఇంకోటి కూడా ఇచ్చాడట. మెట్ల మీద పిడుగు ఫోటో, ఎర్ర బూట్లతో. మూడు కాపీలు కావాలన్నాడట.

ఈ పుస్తకం మొదటి పేజీ నుంచీ భయం కాదు, అలవాటు అని రాస్తూ వచ్చాను. అబద్ధం. భయం. గడియ వేసి, మెషీనుకీ గోడకీ మధ్య కూర్చుండిపోయాను. మూడోసారికి గానీ ఫైల్లోంచి కాగితం తియ్యలేకపోయాను. మణికట్టు లాగింది. తలుపు అవతల ఆయన గొంతు, అదే తేనెలాంటి గొంతు, "ఏం పెద్దాయనా, మీ దగ్గర ఒకావిడ పనిచేస్తుందటగా?" అంటోంది. ఓనరు, "ఎవరో చాలామంది వచ్చిపోతుంటారండి, మీ కార్డులో ఇంటి నంబరు సరిగ్గా పడలేదు, ఇంకోసారి తీస్తా ఆగండి" అంటున్నాడు. మూడుసార్లు తీశాడు. ఆ పిసినారి మూడు కాగితాలు తగలేశాడు.

బడికి ఫోన్ చేశాను. పిల్లని ఎవరితోనూ పంపొద్దని చెప్పాను. తలుపు తట్టేదాకా నేను లేవలేదు.

తట్టింది ఆవలింతల ఆయన. ఇంకొకర్ని వెంటబెట్టుకుని వచ్చాడు. నేను బయటికొచ్చాను. మహానుభావుడు ఇస్త్రీ చొక్కాలో, చేతిలో ఫోటోతో నిలబడి ఉన్నాడు. నన్ను చూసి నవ్వాడు.

"చూడండి సార్, జిరాక్సుకి రావడం కూడా నేరమేనా? ఈవిడ ఇక్కడుందని నాకేం తెలుసు?"

"మరి ఆ ఫోటో?" అన్నాడు ఆవలింతల ఆయన.

అక్కడితో ఊరుకుంటే బాగుండేది ఆయనకి. ఊరుకోలేడు. తనకన్నా తెలివైనవాడు పుట్టలేదన్న నమ్మకం. "అదే చెప్తున్నా సార్. నేను పంపిన బూట్లు ఈవిడే తీసుకుంది. వాళ్ళ తమ్ముడే తెచ్చిచ్చాడు. పిల్ల వేసుకుంది, బడికెళ్ళింది. నేనంటే అంత భయమైతే ఎందుకు తీసుకుంటుంది? ఈ సంగతి కోర్టుకి చెప్పిందా? అడగండి. ఒక్క ముక్క చెప్పి ఉండదు. తమ్ముడంటే ప్రాణం ఈవిడకి, వాడి పేరు చచ్చినా బయటపెట్టదు."

నన్ను అంత బాగా చదివాడు ఆయన. పదేళ్ళు కాపురం చేశాడు కదా. జూన్ ఇరవై ఏడు దాకా ఆయన చెప్పింది అక్షరాలా నిజం.

ఆవలింతల ఆయన నా చేతిలోంచి కాగితం తీసుకున్నాడు. ముందు వైపు చూడనే లేదు. బోర్లా తిప్పాడు. ముద్ర చూశాడు, నంబరు చూశాడు, కింద నాలుగు పంక్తులు పైకే చదివాడు: "జూన్ ఇరవైన ప్రతివాది ఫిర్యాదుదారు తమ్ముడి ద్వారా పిల్లకు బూట్లు పంపినట్టు ఆమే స్వయంగా తెలిపారు. తమ్ముడి పేరు ఇచ్చారు. బూట్లు కోర్టు స్వాధీనంలో ఉన్నాయి."

మహానుభావుడి నవ్వు మొహం మీద అలాగే ఉండిపోయింది, తియ్యడం మర్చిపోయినట్టు.

"పంపలేదంటారేమో అనుకున్నా. మీరే ఒప్పుకున్నారు" అన్నాడు ఆవలింతల ఆయన. "అదొకటి. ఈవిడ పనిచేసే చోటికి రావడం రెండు. పదండి." అప్పుడు ఆవలించాడు. ప్రపంచంలో అంత అందమైన ఆవలింత నేను చూడలేదు.

వెళ్ళేటప్పుడు మహానుభావుడు నా వైపు తిరిగి, "తమ్ముణ్ణి కూడా అమ్మేశావన్నమాట" అన్నాడు. నేను ఆయనతో మాట్లాడకూడదు, అది నా నియమం. ఓనరు వెనకనుంచి, "మీ కాపీలు మర్చిపోయారు" అన్నాడు.

జూలై 9, బుధవారం

ఓనరుకి థాంక్స్ చెప్పాలని మూడుసార్లు అనుకున్నాను. చెప్పబోతే ఆయన ఎవరిదో ఇంటి పన్ను రసీదు చదువుతూ, "చూశావా, వీళ్ళు నాలుగేళ్ళుగా కట్టలేదు" అన్నాడు. ఇంకో ట్యూబులైటు మాత్రం వేయించాడు.

జూలై 15, మంగళవారం

తమ్ముడు కోర్టుకొచ్చి వాంగ్మూలం మీద సంతకం పెట్టాడు. నాతో మాట్లాడలేదు. బెంచీకి ఆ చివర కూర్చున్నాడు. పోతూ పోతూ ఒక అట్టపెట్టె నా ఒళ్ళో పడేశాడు. నీలం బూట్లు, లైట్లు లేనివి. ఒక సైజు పెద్దవి. లోపల బిల్లుంది. బిల్లు మీద కొన్నవాడి పేరు, అంటే తన పేరు, కొట్టువాడి చేత రాయించి, ముద్ర కూడా వేయించుకుని మరీ తెచ్చాడు.

బిల్లు నీలం పుస్తకంలో అంటించాను. ఇంటికొచ్చాక ఏడ్చాను, అది ఇక్కడ రాస్తున్నాను.

జూలై 22, మంగళవారం

ఇవాళ ఒకమ్మాయి వచ్చింది. పాతికేళ్ళుంటాయేమో. మెడకి స్కార్ఫు, ఇంత ఎండలో. ఒక కాగితం మడతలు విప్పి కౌంటరు మీద పెట్టింది. రెండు పేజీలు, చివర ఉబ్బెత్తు ముద్ర. చదవక్కర్లేకుండానే తెలిసింది. ఓనరు కూడా మొదటి పంక్తి దగ్గరే చదవడం ఆపేసి, కాగితం నా వైపు జరిపాడు.

"లామినేషన్ చెయ్యండి. చిరిగిపోకుండా ఉండాలి" అంది.

"దీనికి చెయ్యను" అన్నాను.

"ఎందుకని?"

"ముద్ర చదునైపోతుంది. వెనక ముద్ర పడదు. ఊరు మారారా? కొత్త కోర్టులో నమోదు చేయించారా?"

ఆ అమ్మాయి కాగితం వెనక్కి లాక్కుంది. "షాపువాళ్ళకెందుకండీ ఇవన్నీ? మీకెలా తెలుసు?" ఆ గొంతులో అంత చిరాకు, అంత నిర్లక్ష్యం. కిందటి నెల మూడో నంబరు కిటికీ ముందు నిలబడ్డ గొంతే అది.

ఎవరో చేసుకున్నారని చెప్పొచ్చు. షాపులో చేశారని చెప్పొచ్చు.

"నేనే చేశాను" అన్నాను. "నా కాగితం, నా చేత్తో. ఒక్క బుడగ లేకుండా."

స్టూలు ముందుకి జరిపాను. కూర్చుంది.